తలుపు తెరిచే ఉంది

హీలోలో వానకి వేళాపాళా లేదు.
ఐదింటికి స్కూలు జిమ్ తాళం తీసి
మడత కుర్చీలు వేశాను, ఎనభైనాలుగు.
లెక్కల మాస్టర్ని కదా,
వరసకి పన్నెండు, ఏడు వరసలు.
ఎవరూ అడక్కపోయినా
నూలు పట్టి గీసినట్టు అంచులు సర్దాను.
బాస్కెట్‌బాల్ గీతల మీద తీ ఆకుల దండలు,
రేకు పళ్ళేల్లో చేమదుంప ముద్ద,
ఒక మూల గొడుగుల నీళ్ళకి బకెట్టు.

ముందు వరస చివర, గోడ వారగా,
హెనెరీ గారికి చేతుల కుర్చీ.
బయటివాళ్ళు అడిగితే
లోపల్నించి బదులివ్వాల్సింది ఆయనే.

పంతొమ్మిది మంది పిల్లలొచ్చి
గుమ్మం అవతల ఆగిపోయారు.
తలుపు బార్లా తెరిచే ఉంది.
చూరు నీళ్ళు భుజాల మీద పడుతున్నాయి,
తలకి చుట్టుకున్న ఆకుల్లోంచి చెంపల మీదికి కారుతున్నాయి.
"లోపలికి రండర్రా, తడిసిపోతారు" అన్నాను.
నోయెనోయె, ఏడో తరగతి,
భిన్నాలంటే బల్ల కింద దూరే పిల్ల,
నన్నో చూపు చూసింది.
మీరు ఊరుకోండి సార్, అన్నట్టు.

అప్పుడెత్తుకున్నారు.
పాట అనలేను. మద్దెల లేదు, చరణం లేదు.
ఊపిరి ఎంత పొడుగో పాదం అంత పొడుగు.
చివర్న గొంతులో కాస్త వణికించి
చేప పిల్లని నీళ్ళలో వదిలినట్టు వదిలేస్తారు.
ఎవరి దగ్గర నేర్చుకున్నదీ
ఏ వాన తడిపి పంపిందీ చెప్పి
అడుగుతున్నారు, రావచ్చా అని.

బదులు లేదు.
హెనెరీ గారు అరచేతులు చూసుకుంటున్నారు.
రేకుల మీద వాన ఒక్కటే మాట్లాడుతోంది.

మళ్ళీ ఎత్తుకున్నారు.
కుర్చీల్లో ఒక్కరూ వెనక్కి తిరగలేదు, దగ్గలేదు.
పిల్లల వెనక బుర్ర వాద్యం పొదువుకుని
గురువు వైలానా, తడిసిన రాయిలా.
తెరిచిన తలుపుకీ లోపలికీ మధ్య
అడుగు దూరం.
ఆ అడుగు ఎవరూ వెయ్యరు.

అప్పుడు తట్టింది నాకు.
హామాకువా చెరకు మిల్లులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు
గానుగ పక్కనే నిలబడ్డ మనిషి.
ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చానని
ఆయనే ఓసారి నవ్వుతూ చెప్పాడు.
ఆ ఎడమ చెవినే గుమ్మం వైపు పెట్టాను నేను,
వరస అందం కోసం.

వంగి, భుజం తాకాను.
ఆయన కుర్చీ చేతుల మీద బరువాని కాస్త లేచాడు.
తొంభై డిగ్రీలు తిప్పాను.
నా జీవితంలో గీసిన అన్ని లంబకోణాల్లో
పనికొచ్చింది అదొక్కటే.

మూడోసారి గొంతులు సన్నబడ్డాయి, చలికి.
ఆయన తల ఎత్తాడు.
వెంటనే పలకలేదు.

వాళ్ళ భాషలో ఆగడం కూడా ఒక అక్షరమట.
గొంతు మూసి తెరిచే రెప్పపాటు.
అది ఎగరగొడితే మాట ఇంకో మాటైపోతుంది.
మనకీ ఉంది అరసున్న,
పాత పుస్తకాల్లో నెలవంకలా పడుంటుంది,
ఎవరి నోటా పలకదు.
మనది నోరు మరిచిన గుర్తు.
వాళ్ళది నోరు ఆపి పలికే అక్షరం.
ఆ మాటలు బళ్ళో పలికినందుకు
ఈయన తల్లి అరచేతిని రూళ్ళకర్రతో వాయించారు.
ఆవిడ కొడుక్కి నేర్పలేదు.
అరవై రెండో ఏట, కూతురి ఈడు వైలానా ముందు
ఈయన పలక పట్టుకు కూర్చున్నాడు.

గొంతు విప్పాడు.
ఇసుకా బెల్లమూ కలిసిన గొంతు.
రండి అన్నాడని ఎవరూ నాకు చెప్పక్కర్లేకపోయింది.

ఫ్రీత్రో గీత దాటుకుని తడి పాదాలు వచ్చాయి.
ఆనపకాయ బుర్రలు రెండు, ఒకదాని మీదొకటి,
వైలానా అరచేతి కింద గుబగుబలాడాయి.
మోకాళ్ళు వంగాయి, చేతులు కొండలయ్యాయి, పొగమంచయ్యాయి.
నా వరసలు ఎప్పుడు చెదిరాయో చూడలేదు.

తొమ్మిదిన్నరకి కుర్చీలు మడుస్తుంటే
చేమ ముద్ద వేలితో నాకుతూ హెనెరీ గారు అడిగాడు:
"బయట ఎన్నిసార్లు అడిగారు పిల్లలు?"
"ఒక్కసారే" అన్నాను.

గుమ్మం దగ్గర ఇంకా ఆరని నీటి మడుగు కేసి చూసి
కుడి చెవి నావైపు తిప్పి అన్నాడు,
"ఏదీ, మళ్ళీ చెప్పు, లెక్కల మాస్టారూ."